పొద్దుగాల ఒకటి, పగటికి ఒకటి

దౌల్తాబాద్ మండలంలో ఒక ఊరు. చుట్టూ కంది చేలు, పత్తి చేలు. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది అనుకుందాం. ఆమెకు ఇద్దరు పిల్లలు. బిడ్డ పెద్దది. కొడంగల్‌లో ఇంటర్ చదువుతోంది. కొడుక్కి ఎనిమిదేళ్లు. ఊరి బడిలో మూడో తరగతి. భర్త తాండూరులో బండల పాలిష్ పనికి పోతాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు.

ఆ తల్లికి కొడుకు గురించే దిగులు. వాడు ఒకచోట కూర్చోడు. బువ్వ ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచి ఉరుకుతాడు. చెప్పిన పని సగంలో వదిలేస్తాడు. బడిలో పలక ఒకచోట, పుస్తకం ఒకచోట. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరుతాడు. ఒకనాడు బస్సుకు ఎదురుగా ఉరికాడు. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి బతికాడు.

ఊళ్లో అందరూ తల్లినే అన్నారు. గారాబం చేసి చెడగొట్టింది అన్నారు. తండ్రి బెల్టు తీశాడు. దెబ్బలు తిన్న రోజు కూడా వాడు అంతే. మేనమామ వచ్చి, "వీనికి చదువెందుకక్కా? బండల పనికి తోలుదాం" అన్నాడు.

అప్పుడే బడికి డాక్టర్ల బృందం వచ్చింది. బడి పిల్లలను, అంగన్‌వాడీ పిల్లలను చూడడానికి ఇలాంటి బృందాలు తిరుగుతాయి. ఈ పథకం పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో మొదలైంది. బడి మేడమ్ ఈ పిల్లవాడిని ముందుకు పిలిచి చూపించింది. వాళ్లు చీటీ రాసి పెద్ద దవాఖానకు పంపారు.

దవాఖానలో డాక్టరమ్మ వెంటనే మందు రాయలేదు. చాలా ప్రశ్నలు అడిగింది. ఈ తీరు ఎన్నాళ్లుగా ఉంది? ఇంట్లోనే ఉందా, బడిలో కూడా ఉందా? చెవులు బాగా వినిపిస్తాయా? కళ్లు కనిపిస్తాయా? రాత్రి బాగా పడుకుంటాడా? బడి మేడమ్ రాసిన కాగితం కూడా చూసింది. తర్వాత జబ్బు పేరు చెప్పింది. ఎ.డి.హెచ్.డి. అంటే నిలకడ లేకపోవడం, అతిగా కదలడం. దీనికి తల్లి పెంపకం కారణం కాదు. దయ్యం కాదు, గాలి సోకడం కాదు. మెదడు పనిచేసే తీరులో తేడా.

అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. అల్లరి పిల్లల సొత్తు. ఇంట్లోనూ, బడిలోనూ, ఆరు నెలలకు మించి, చదువూ బతుకూ చెడిపోయేంతగా ఉంటేనే డాక్టర్లు ఈ పేరు పెడతారు.

మొదట కొన్నాళ్లు మందు లేకుండానే చూశారు. ఒకసారికి ఒక్క పనే చెప్పమన్నారు. చేసిన వెంటనే మెచ్చుకోమన్నారు. బెల్టు పక్కన పెట్టమని తండ్రికి గట్టిగా చెప్పారు. మేడమ్ వాడిని ముందు వరుసలో కూర్చోబెట్టింది. కొంత మేలైంది. చాలలేదు. అప్పుడు గోలీలు రాశారు.

ఆ గోలి పేరు మిథైల్ ఫెనిడేట్. నోరు తిరగని పేరు. ఫరవాలేదు, చీటీ మీద ఉంటుంది. డాక్టరమ్మ రాసేముందు ఇంకా కొన్ని అడిగింది.

"మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి ఎవరైనా పోయారా అమ్మా?"

"లేదు డాక్టరమ్మా."

"పిల్లవాడు ఆడుతూ ఆడుతూ కళ్లు తిరిగి పడ్డాడా? మూర్ఛ వచ్చిందా?"

"రాలేదు."

"ఇంకేమైనా మందులు వాడుతున్నాడా? నాటు మందులైనా సరే చెప్పు."

ఈ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. ఈ గోలి గుండెను కొంచెం వేగంగా కొట్టిస్తుంది. రక్తపోటును కొంచెం పెంచుతుంది. గుండె జబ్బు ఉన్న పిల్లలకు అది ప్రమాదం. అందుకే నాడి చూశారు, బీపీ చూశారు. బరువు తూచారు: 22 కిలోలు. ఎత్తు కొలిచారు: 121 సెంటీమీటర్లు. తల్లి ఈ రెండు అంకెలూ తన నోటుపుస్తకంలో రాసుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అంకెలు మాత్రం చక్కగా వచ్చాయి.

డాక్టరమ్మ 5 మిల్లీగ్రాముల గోలీలు 30 రాసింది. మొదటి వారం పొద్దుగాల ఒకటే. రెండో వారం నుంచి పొద్దుగాల ఒకటి, పగటికి ఒకటి. ఇది చిన్న మోతాదు. ముందు చిన్న మోతాదు ఇచ్చి, పిల్లవాడిని చూసి, అవసరమైతే డాక్టరే పెంచుతారు. ఇంట్లో వాళ్లు పెంచకూడదు.

గోలీలు కొనడానికి మూడు షాపులు తిరగాల్సి వచ్చింది. రెండు షాపుల్లో లేవన్నారు. ఈ గోలి అన్ని మందుల షాపుల్లో దొరకదు. అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి. డాక్టరు చీటీ రెండు కాపీలు ఉండాలి. ఒకటి షాపువాళ్లు తీసుకొని రెండేళ్లు దాచిపెట్టాలి. గోలీలు తాళం వేసిన బీరువాలో పెట్టాలి. పట్టీ మీద ఎడమవైపు పైన ఎర్రటి గుర్తు ఉంటుంది. ఇంత కట్టడి ఉంది కాబట్టే, గోలీలు పూర్తిగా అయిపోయేదాకా ఆగకూడదు. వారం ముందే చూసుకోవాలి.

పట్టీ మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు నేర్చుకున్న తల్లికి అది మళ్లీ కొత్త లిపి. ఆమె సిగ్గుపడలేదు. "కవరు మీద తెలుగులో రాయి బిడ్డా" అని షాపు పిల్లవాడిని అడిగింది. అతను మందు పేరు, ఎప్పుడు వేయాలి, ఏ నెల ఏ సంవత్సరం దాటితే వాడకూడదు, మూడూ రాసి ఇచ్చాడు.

ఇంటికి రాగానే అత్తతో గొడవ.

"గదేం గోలి? మత్తు గోలా? పసిపోరనికి మత్తు పెడ్తవా? నా మనుమణ్ణి ఆగం చేస్తవా?"

ఆ ముసలమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. ఈ చుట్టుపక్కల మత్తు మందుల గతి అందరూ చూశారు. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లును పట్టుకుంది. అప్పుడు దౌల్తాబాద్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు అది దొరక్క చేతులు వణికి, నిద్ర లేక, మతి తప్పి దవాఖానల పాలయ్యారు. దౌల్తాబాద్ 2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఈ జిల్లాలోనే 2021 జనవరిలో కల్లు తాగి వందమందికి పైగా జబ్బు పడ్డారు.

అయితే ఈ గోలి ఆ జాతిది కాదు. కల్లులో కలిపేవి మెదడును జోకొడతాయి. ఇది మెదడును మేల్కొలుపుతుంది. "ఇప్పటికే దుంకుతున్న పోరన్ని ఇంకా లేపుతదా?" అని అత్త అడిగింది. మంచి ప్రశ్నే అడిగింది.

చెరువు గుర్తు చేసుకోండి. చెరువులో నీళ్లు నిండుగా ఉన్నాయి. తూము దగ్గర నీరటి ఉంటాడు. ఏ మడికి ఎంత నీరు పోవాలో అతనే చూస్తాడు. నీరటి కునికిపాట్లు పడితే నీళ్లు ఎటు పడితే అటు పోతాయి. ఒక మడి మునుగుతుంది, ఒక మడి ఎండుతుంది. ఈ పిల్లల మెదడులో అదుపు చేసే భాగం ఆ నీరటిలాగా కునుకుతూ ఉంటుంది. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు ఉన్నాయి. డోపమిన్ వాటిలో ఒకటి. ఈ గోలి ఆ రసాయనాలను ఎక్కువసేపు నిలుపుతుంది. నీరటి లేస్తాడు. నీళ్లు దారిలో పడతాయి. అందుకే మేల్కొలిపే మందు వేస్తే పిల్లవాడు కుదురుగా కూర్చుంటాడు.

ఈ సంగతి మొదట అనుకోకుండా బయటపడింది. అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు పిల్లల తలనొప్పి తగ్గించాలని ఇలాంటి మందే ఒకటి ఇచ్చాడు. తలనొప్పి సంగతి అటుంచి, పిల్లలు బడిలో కుదురుగా చదవడం మొదలుపెట్టారు. 1937లో ఆయన ఈ విషయం రాశాడు. మిథైల్ ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండులో తయారు చేశారు. తయారు చేసినాయన భార్య పేరు మార్గరీట్. ముద్దుపేరు రీటా. ఆ మందుకు రిటాలిన్ అని ఆమె పేరే పెట్టాడు.

ఇక ఇంట్లో ఏం జరిగిందో చూద్దాం.

మూడో రోజుకే మేడమ్ కబురు పంపింది. వాడు లెక్క మొత్తం పూర్తి చేశాడు. తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే రోజు ఆమె పుస్తకంలో ఇలా రాసుకుంది: "బుధవారం. పొద్దున 8కి గోలి. పగలు బువ్వ సగం. కడుపు నొప్పి అన్నాడు. రాత్రి 10కి నిద్ర."

బువ్వ సగం ఎందుకు తిన్నాడు? ఈ గోలి ఆకలిని చంపుతుంది. చాలామంది పిల్లల్లో కనబడేది ఇదే. కడుపు నొప్పి, తలనొప్పి కూడా రావచ్చు. ఇవి తరచుగా కొద్ది వారాల్లో తగ్గుతాయి. ఆకలి మాత్రం చూసుకోవాలి. మామూలు గోలి పని మూడు నాలుగు గంటలే. పొద్దున గోలి వేయకముందే కడుపునిండా పెట్టాలి. సాయంత్రం గోలి పని అయిపోయాక ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడు మళ్లీ పెట్టాలి. ఆ తల్లి పొద్దున జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తాండూరు కందికి 2022లో దేశమంతా గుర్తింపు వచ్చింది, ఆ పప్పు ఇంట్లోనే ఉంది కదా! సాయంత్రం గుడ్డు, పల్లీపట్టీ. పడుకునే ముందు పాలు.

సాయంత్రం గోలి దిగిపోయేటప్పుడు కొందరు పిల్లలు చిరాకు పడతారు, ఏడుస్తారు. ఆ తల్లి కొడుకూ అట్లే చేశాడు. అప్పుడు తిట్టకూడదు. గంటలో సర్దుకుంటుంది.

రెండో వారం వచ్చింది. మధ్యాహ్నం బడి గంట కొట్టగానే తల్లి వెళ్లి, వాడు భోజనం చేశాక రెండో గోలి వేసి వచ్చేది. ఒకరోజు పత్తి ఏరడానికి దూరం పోయింది. పగటి గోలి మరిచింది. సాయంత్రం 6 గంటలకు ఇంటికి వచ్చి గుర్తు చేసుకొని వేసింది. ఆ రాత్రి వాడు 12 దాటినా పడుకోలేదు. కప్పు చూస్తూ, ముచ్చట్లు చెబుతూ ఉన్నాడు. ఇల్లంతా జాగారం. పగటి గోలి మరిస్తే ఆ రోజుకు వదిలేయాలి. సాయంత్రం వేయకూడదు. మరునాడు రెండు కలిపి వేయకూడదు. మామూలు గోలీ వేయాలి, అంతే.

ఇదే మందులో రోజంతా పనిచేసే రకం కూడా ఉంది. అది పొద్దున ఒక్కటే. దాన్ని నలిపి, పొడి చేసి, నమిలి మింగకూడదు. అలా చేస్తే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మీ చేతికి ఏ రకం ఇచ్చారో షాపులో అడగండి.

ఆదివారం తండ్రి వచ్చాడు. కొడుకు పలక మీద రాసింది చూశాడు. సంబరపడ్డాడు. "ఒక గోలికే ఇంత చదివిండు. రెండేస్తే ఇంకా చదువుతడు గదా" అన్నాడు. భార్య చీటీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇందులో ఏముంటే గదే ఏస్త" అంది. ఆ ఇంట్లో ఇలాంటి మాట ఆమె అనడం అదే మొదలు.

12వ రోజు రాత్రి. ఆమె గోలీలు లెక్కపెట్టింది. తెచ్చినవి 30. మొదటి వారం 7 అయిపోయాయి. తర్వాత 5 రోజులు, రోజుకు 2 చొప్పున 10. మొత్తం 17. మిగలాల్సినవి 13. డబ్బాలో 11 ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. 11. పుస్తకం తీసి తేదీలు చూసింది. ఎక్కడా తప్పు లేదు. రెండు గోలీలు తక్కువ.

కొడుకు వైపు చూసింది. వాడు పడుకున్నాడు. గుండె మీద చేయి పెట్టింది. నెమ్మదిగా కొట్టుకుంటోంది. బిడ్డ మాత్రం దీపం కింద పుస్తకం పట్టుకొని కూర్చుంది. మొహమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"ఏమైందే?"

"ఏంలేదమ్మా."

"తమ్ముని గోలీలు నువ్వు ఏసుకున్నవా?"

బిడ్డ ఏడ్చింది. పొద్దున అర్ధ సంవత్సరం పరీక్ష. నిద్ర ఆగడం లేదు. తమ్ముడికి చదువు వస్తోంది కదా, నాకూ వస్తుందనుకుంది. రెండు ఒకేసారి మింగింది. పైన మూడు గ్లాసుల చాయ్ తాగింది. బువ్వ తినలేదు. "గుండె దడదడ కొట్టుకుంటుందమ్మా. చదివింది ఒక్కటి గుర్తుంటలేదు."

తల్లి కొట్టలేదు. ఆశమ్మకు ఫోన్ చేసింది. ఆశమ్మ 108కి చేసింది. దవాఖానలో నర్సు అడిగిన మొదటి మాట, "ఏం మింగింది, ఎన్ని మింగింది, ఎప్పుడు మింగింది?" తల్లి పట్టీని, చీటీని, పుస్తకాన్ని మూడింటినీ చేతిలో పెట్టింది. అక్కడివాళ్లకు వెతకాల్సిన పని లేకపోయింది. బీపీ చూశారు, గుండె చూశారు. కొన్ని గంటలు మంచం మీద ఉంచారు. తెల్లారేసరికి దడ తగ్గింది.

రక్తం పరీక్ష కూడా చేశారు. బిడ్డకు రక్తం తక్కువగా ఉంది. పొద్దున 5కు లేచి, ఇంటి పని చేసి, బస్సెక్కి, రాత్రి పొద్దుపోయేదాకా చదివే పిల్ల. నీరసానికి, కునికిపాట్లకు కారణం అది. ఆమెకు కావలసినవి ఐరన్ గోలీలు, బువ్వ, నిద్ర. తమ్ముడి గోలి కాదు.

మేల్కొలిపే మందులతో పని చేయించుకోవాలని లోకంలో చాలామంది చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు ఈ జాతి మందులు ఇచ్చి రాత్రులు నడిపించారు. నిద్ర వెనక్కి పోతుంది కానీ తీరదు. జబ్బు లేనివాళ్లకు తెలివి పెరగదు. మళ్లీ మళ్లీ వేసుకుంటే అలవాటవుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో నోటితో వేసుకునే పిల్లలకు ఆ భయం తక్కువ. దొంగతనంగా, ఎక్కువ ఎక్కువ వేసుకునేవాళ్లకే ఆ ముప్పు. మన దేశంలో 1985 నాటి మత్తు మందుల చట్టం కిందికి కూడా ఈ గోలి వస్తుంది. ఒకరి గోలి ఇంకొకరికి ఇవ్వడం, అమ్మడం నేరం.

మరునాడు ఆ తల్లి రేకు డబ్బా ఒకటి కొన్నది. దానికి చిన్న తాళం. తాళంచెవి కొంగుకు కట్టుకుంది. బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని, "రాత్రి 10కి దీపం బంద్. పొద్దున నీళ్లు నేను మోస్త" అంది.

నెలకు మళ్లీ దవాఖానకు పోయారు. పిల్లవాడి బరువు 21 కిలోల 600 గ్రాములు. 400 గ్రాములు తగ్గాడు. డాక్టరమ్మ పుస్తకం అంతా తిరగేసి చదివింది. ఏ రోజు తిన్నాడు, ఏ రోజు తినలేదు, ఏ రాత్రి నిద్ర పోలేదు, అన్నీ ఉన్నాయి. మోతాదు పెంచాలని అనుకున్నది, పెంచలేదు. "ఇంకో నెల ఇట్లనే చూద్దాం. తిండి పెంచు తల్లీ" అంది. ఈ గోలి వాడే కొందరు పిల్లల ఎదుగుదల కొంచెం మందగిస్తుంది. పదేళ్ల లోపు పిల్లలను మూడు నెలలకు ఒకసారైనా తూచాలి. ఎత్తు ఆరు నెలలకు ఒకసారి కొలవాలి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది. బాగా తగ్గుతుంటే డాక్టరు మోతాదు మారుస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. వేరే రకం మందు కూడా ఉంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే నెల దాకా ఆగకూడదు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, ఆడుతూ స్పృహ తప్పడం, మూర్ఛ రావడం. లేని మనుషులు కనబడుతున్నారని, లేని మాటలు వినబడుతున్నాయని చెప్పడం. చచ్చిపోతాననడం. ఇవి కనిపిస్తే గోలి ఆపి వెంటనే 108కి ఫోన్ చేయాలి. మగపిల్లల మూత్రాంగం గట్టిపడి గంటల తరబడి నొప్పి ఉన్నా అంతే. సిగ్గుపడి దాచితే నష్టం పిల్లవాడికే. వేళ్లు తెల్లగా, నీలంగా మారి తిమ్మిరెక్కినా, కళ్లు ముఖం అదే పనిగా అదురుతున్నా డాక్టరుకు చూపించాలి. జలుబుకు షాపులో గోలి కొనేటప్పుడు కూడా ఈ మందు సంగతి చెప్పాలి. జలుబు మందులు కొన్ని గుండెను ఇంకా ఉరికిస్తాయి.

దవాఖాన దూరమైనప్పుడు అడగడానికి 14416 అనే నంబరు ఉంది. పేరు టెలి మానస్. 2022లో మొదలైంది. మనసుకు సంబంధించిన ఏ బాధ గురించైనా తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. పెద్ద డాక్టర్లు కావాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక దవాఖాన ఉంది. దాని పేరు చెబితే ఊళ్లో నవ్వుతారని ఆ తల్లి కూడా భయపడింది. కంటి జబ్బుకు కంటి దవాఖానకు పోయినట్టే ఇదీ.

ఇప్పుడు అత్త కూడా లెక్కలోకి వచ్చింది. ఆమెకు చదువు రాదు. కానీ సాయంత్రం కాగానే కోడలిని పిలుస్తుంది. "ఏమే, ఇయ్యాల బువ్వ ఎంత తిన్నడో రాసినవా?"

చదివారు కదా. ఇప్పుడు చెప్పండి, రాయండి.

పగటి గోలి మరిచిపోతే ఏం చేయాలి?

ఒక తల్లి 20 గోలీలు తెచ్చింది. రోజుకు 2 చొప్పున 6 రోజులు వేసింది. డబ్బాలో ఎన్ని ఉండాలి?

మీ ఇంట్లో ఉన్న ఒక మందు పట్టీ తీసుకోండి. దాని మీద ఉన్న నెలను, సంవత్సరాన్ని మీ పుస్తకంలో రాయండి. ఆ తేదీ దాటిందా?

మీ ఇంట్లో మందులు ఎక్కడ పెడుతున్నారు? పిల్లల చేతికి అందుతాయా?